సూర్యలంక మీద మబ్బు

మొన్న ఆదివారం మా ఆవిడ పప్పులోకి తాలింపు పెడుతుంటే ఎండుమిర్చి కాస్త మాడింది. చిన్న వంటిల్లు, పైగా ఇప్పటి ఫ్లాట్లలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ ఘాటు ఒక్క నిమిషంలో ఇల్లంతా నిండిపోయి ఇద్దరం పోటీపడి దగ్గాం. నా దగ్గు తగ్గింది గానీ ఆవిడది తగ్గలేదు. బాల్కనీలోకి వెళ్ళి రెయిలింగు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా వంగి దగ్గుతూనే ఉంది. మంచినీళ్ళ గ్లాసుతో పక్కన నిలబడ్డ నాకు పాతికేళ్ళ కిందట విన్న అదే దగ్గు, దాని వెనకాలే అప్పట్లో నేను చేసిన ఒక పని గుర్తొచ్చాయి. ఆ పని ఎందుకు చేశానో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మిరప పండించిన నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదివితే, వాళ్ళకైనా అర్థమవుతుందేమోనని చిన్న ఆశ.

అది తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. నేను ఎనిమిదంటాను, మా ఆవిడ తొమ్మిదంటుంది. ఇలాంటి విషయాల్లో సాధారణంగా ఆవిడ మాటే నిజమవుతుంది కాబట్టి తొంభై తొమ్మిదనే అనుకుందాం. చిలకలూరిపేటకు పది కిలోమీటర్లలో మా ఊరు. నేనూ, మా తమ్ముడూ కలిసి నాలుగెకరాల మిరప, మూడెకరాల పత్తి చేసేవాళ్ళం. ఫిబ్రవరి వచ్చిందంటే మా బతుకంతా కల్లంలోనే. కోసిన కాయని చదును చేసిన నేల మీద ఎర్రగా పరిచి ఎండబెట్టడం, సాయంత్రం కుప్పచేసి పట్టాలు కప్పడం, పొద్దున్నే మళ్ళీ పరచడం, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబోయిన తాలుకాయల్ని ఏరెయ్యడం. కాయ ఎండిందో లేదో కంటితో చూసి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, నేను గుప్పెడు కాయ తీసుకుని చెవి దగ్గర పెట్టి ఆడించి, లోపల గింజల చప్పుడుని బట్టి చెప్పేవాణ్ణి. ఊళ్ళో నా చెవికి కాస్త పేరుండేది. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణని ఒప్పుకోవాలి. అదే చెవి, పక్క గదిలో మనిషి రెండు నెలలుగా దగ్గుతుంటే మాత్రం పట్టించుకోలేదు.

మిరప ఘాటుకి దగ్గు రాని ఇల్లు మా వైపు ఉండదు కనుక, వస్తుంది, పోతుంది అనుకున్నాను. మా ఆవిడా అలాగే అంది. చివరికి ఒకరోజు తాలు ఏరుతూ ఏరుతూ ఊపిరాడక పక్కకి ఒరిగిపోతే, చిలకలూరిపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఛాతీ చూసి, మందులు రాసి, నా వంక ఒకలా చూశాడు. మందులకంటే ముందు ఈమెను ఓ వారం రోజులు ఆ కల్లానికి దూరంగా ఉంచమన్నాడు, సముద్రపు గాలైతే మరీ మంచిదన్నాడు. బాపట్లలో తనకు తెలిసిన పంతులమ్మగారు ఒకావిడ, రిటైరైపోయి ఒంటరిగా ఉంటూ ముందు గది అద్దెకిస్తుందని కాగితం మీద అడ్రసు కూడా రాసిచ్చాడు.

పెళ్ళయి పదమూడేళ్ళు. అప్పటిదాకా మేమిద్దరం కలిసి గుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఏ పనీ లేకుండా ఒక ఊరు వెళ్ళి ఉండటమన్నది మా ఇంటా వంటా లేదు. పిల్లలిద్దర్నీ మా అమ్మకీ, కల్లాన్ని మా తమ్ముడికీ అప్పజెప్పి, ఇద్దరం రెండు సంచులతో బస్సెక్కాం. పర్చూరు దాటాక మా ఆవిడ, కిటికీలోంచే చూస్తూ, ఒక్క మాట అడిగింది.

"ఈ వారం రోజులూ మిరపకాయల మాట ఎత్తకుండా ఉండగలరా?"

"ఎత్తితే అడుగు," అన్నాను.

"అడగను. మీరు మాటిస్తే చాలు."

మాటిచ్చాను. అంత తేలిగ్గా ఎలా ఇచ్చానో!

బాపట్ల పాత ఊరు. భావన్నారాయణస్వామి గుడి రాతిస్తంభాల మీద, గోడల మీద ఎప్పటివో శాసనాలుంటాయి. మా ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇది 'మ' లాగుంది, ఇది 'న' లాగుంది అని బళ్ళో పిల్లలా కూడబలుక్కుంటుంటే, గుడికొచ్చిన ఒక ముసలాయన నవ్వుతూ నిలబడి చూశాడు. పంతులమ్మగారిల్లు ఆ గుడికి నాలుగు సందుల అవతల. పొద్దున్నే ఇడ్లీ, ఆ తర్వాత ఆటోలో సూర్యలంక, తొమ్మిది కిలోమీటర్లు, దారి పొడుగునా సరుగుడు తోటలు. అప్పటికక్కడ ఇప్పుడున్నన్ని హోటళ్ళూ, జనమూ లేరు. ఇసక, పడవలు, వలలు, నాలుగు బడ్డీకొట్లు. మా ఆవిడ మొదటిరోజు నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికే భయపడింది. రెండోరోజు మోకాళ్ళదాకా దిగింది. మూడోరోజుకి చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నా లెక్కచెయ్యకుండా నిలబడి, కాళ్ళ కింద ఇసక జారిపోతుంటే చెయ్యి చాపి నా భుజం పట్టుకుంది. పగటిపూట, నలుగురూ చూస్తుండగా ఆవిడ నా భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. దగ్గు సగానికి సగం తగ్గింది.

నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను గానీ చేతులు ఊరుకోవు కదా. ఒడ్డున బెస్తవాళ్ళ ఆడవాళ్ళు చేపల్ని ఇసక మీద పరిచి ఎండబెట్టుకుంటున్నారు. మూడోరోజు మధ్యాహ్నం అటు వెళ్ళి, ఒక పెద్దావిడ పరుచుకున్న చేపల దగ్గర కూర్చుని, మరీ దగ్గర దగ్గరగా పరిచావు, ఇలా పలచగా పరవాలి, ఇటువైపు తిప్పాలి అంటూ సర్దడం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇయి మిరపకాయలు గాదు బాబూ, చేపలు! నీ చెయ్యి పడితే మా కూర కూడా మండుద్ది. లెగు, లెగు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. మిరప రైతునని నేను చెప్పలేదు, ఆవిడకెలా తెలిసిందో. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, దగ్గుకో చూడలేదు.

సరిగ్గా అప్పుడే తూర్పున సముద్రం మీద మబ్బు లేచింది. నల్లగా, అడుగున కాటుక రాసినట్టు. మా చేల మీద అలాంటి మబ్బు కనపడిందంటే ఊరు ఊరంతా కల్లాలకి పరిగెత్తాల్సిందే, ఎండబోతున్న కాయ ఒక్క వానకి తడిస్తే తెల్లబోయి తాలైపోతుంది, ఏడాది కష్టం పావు ధరకి పోతుంది.  లేచి నిలబడ్డాను. నా మొహం చూసి ఆ పెద్దావిడే మళ్ళీ అంది.

"ఆ మబ్బు కోసమా? అది ఇటు రాదు బాబూ. సముద్రం మీద పుట్టింది, సముద్రం మీదే పోద్ది. పోయి కూర్చో."

నిజంగానే ఆ ఆడవాళ్ళలో ఒక్కరు కూడా చేపలు తియ్యలేదు. ఎండబెట్టుకున్నది వాళ్ళది, మబ్బు వాళ్ళ కళ్ళెదుట, అయినా నింపాదిగా కూర్చుని ఉన్నారు. అది నా కళ్ళకు కనపడింది, బుర్రకెక్కలేదు.

"ఆమె చెబుతోందిగా, పుట్టినప్పట్నుంచీ ఈ సముద్రాన్నే చూస్తున్న మనిషి," అంది మా ఆవిడ.

"మిరపకాయల సంగతి ఆమెకేం తెలుసు?" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ మాట తప్పానని నాకే తట్టలేదు. ఆవిడ అన్నది మబ్బు సంగతి, నేను చెప్పింది మిరపకాయల సంగతి.  పొద్దున్నే తిరిగొచ్చేస్తాను, ఒక్క పూటే కదా, పంతులమ్మగారు తోడుంటారు కదా అని నేనే వరసగా చెప్పుకుంటూ పోయాను. చివరికి మా ఆవిడ "వెళ్ళిరండి" అంది. కోపంగా అనలేదు, అలాగని సంతోషంగానూ అనలేదు.

బాపట్ల బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ ఉంది. మా ఊళ్ళో ఎరువుల కొట్లో ఫోనుంది. నాలుగు రూపాయలు పెడితే, కల్లం మీద పట్టాలు కప్పారా అని రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ అది నిజం కాదు. నేను ఆ బూత్ ముందు నిలబడ్డాను. లోపల ఎవరో మాట్లాడుతుంటే వాళ్ళు బయటికొచ్చేదాకా ఆగాను కూడా. వాళ్ళొచ్చాక లోపలికి వెళ్ళకుండా బస్సెక్కాను. ఫోన్ చేస్తే మా తమ్ముడు కప్పేశామని చెబుతాడు, అలా చెబితే నాకు వెళ్ళడానికి కారణం ఉండదు. అంటే నాకు వెళ్ళాలని ఉందన్నమాట. ఎందుకు? మూడురోజులుగా అంత హాయిగా ఉన్న చోటునుంచి పారిపోవాలని మనిషికి ఎందుకనిపిస్తుంది? పక్కన నిలబడి నా భుజం పట్టుకున్న ఆడమనిషికి నేను ఏం మాట్లాడాలో తెలియక భయపడ్డానా? ఏమో.

పొద్దుగూకే వేళకి ఊరు చేరాను. కల్లంలో కుప్పల మీద పట్టాలు బిగించి, అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. మా తమ్ముడు అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏంది అన్నయ్యా, నువ్వొచ్చావేంది? వదినేది?"

"అక్కడే ఉంది. మబ్బు చూసి..."

"ఒక్కదాన్నే వదిలేసి వచ్చావా?" చెంబు కింద పెట్టి నా వంక చూశాడు. "మబ్బు నాక్కూడా కనపడుద్ది అన్నయ్యా. నాలుగింటికే కప్పించాను. నా మీద నమ్మకం లేదని చెప్పు, సరిపోద్ది."

ఆ తర్వాత వాడు నవ్వి, అన్నం తిందాం రా అన్నాడు గానీ, ఆ నవ్వులో ముందటి చనువు లేదు. చినుకు పడలేదు. మబ్బు మా ఊరిదాకా రానే లేదు.

మరి తెల్లవారగానే మొదటి బస్సెక్కాలి కదా? ఎక్కలేదు. పట్టాలు తియ్యడానికి సాయం చేసి వెళదామనుకున్నాను. తీశాక, పరిచి వెళదామనుకున్నాను. పరిచాక, కూలీలు వచ్చారు కదా ఈ పూట చూసి వెళదామనుకున్నాను. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించుకుంటూ కల్లమంతా తిరిగాను. అందులో నాకు ఎంత సుఖముందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. అలా రెండు రోజులు గడిచిపోయాయి. ఆ రెండు రోజులూ మా తమ్ముడు నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు.

మూడోరోజు పొద్దున బస్సులో కూర్చున్నాక గానీ భయం పట్టుకోలేదు. ఆవిడ ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. మంచం పట్టి ఉంటుందనుకున్నాను. పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటుందని కూడా అనుకున్నాను. తప్పయిపోయిందని చెప్పాలని గట్టిగా అనుకుని, పర్చూరు నుంచి బాపట్లదాకా ఆ మాటలు లోపల్లోపల వల్లెవేసుకున్నాను. పెళ్ళయ్యాక ఆవిడకి ఎప్పుడూ అలా చెప్పిన అలవాటు లేదు కాబట్టి అవి నోరు తిరగడం లేదు. ఇంటి దగ్గర పంతులమ్మగారు నన్ను చూసి కూర్చోమనలేదు.

"ఆ అమ్మాయి పెరుగన్నం కట్టించుకుని పొద్దున్నే సముద్రానికి వెళ్ళిందండీ. నిన్నా వెళ్ళింది," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆటోలో సూర్యలంక చేరి, ఒడ్డుకి లాగి పెట్టిన పడవల పక్కనుంచి నడుస్తుంటే ఎవరో ఆడమనిషి నవ్వడం వినపడింది. పెద్దగా, విడిగా, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టే నవ్వు. ఎవరో బెస్తవాళ్ళ పిల్ల అనుకున్నాను. పడవ దాటి చూద్దును కదా, ఎండుచేపల మధ్య గొంతుక్కూర్చుని, చీర మోకాళ్ళదాకా ఎగగట్టి, ఆ పెద్దావిడ పక్కన మా ఆవిడ. పదమూడేళ్ళు కాపురం చేసి, గింజల చప్పుడు విని కాయ ఎండిందో లేదో చెప్పగల నేను, ఆ నవ్వు ఎవరిదో గుర్తుపట్టలేకపోయాను.

నన్ను చూసి ఆవిడ లేచింది. చీర దించుకుంది, కొంగు సర్దుకుంది, వాటితో పాటే నవ్వునీ సర్దేసుకుంది. దగ్గరికి వచ్చి మొట్టమొదట అడిగిన మాట నా గురించి కాదు, తన గురించీ కాదు.

"వాన పడిందా? కాయ తడిసిందా?"

ఆ గొంతులో వెటకారం లేదు. ఆవిడదీ ఆ పంటే కదా, రెండు నెలలు ఊపిరాడకుండా ఆ తాలు ఏరింది ఆవిడే కదా. బస్సులో వల్లెవేసుకున్న మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. వాటికి బదులు, "పడింది. పెద్ద వానే. నేను సమయానికి వెళ్ళబట్టి సరిపోయింది," అన్నాను.

"పోన్లెండి. అయితే మీరు వెళ్ళడమే మంచిదైంది," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

నన్ను తిడుతుందని వెళ్ళిన నేను, మంచిపని చేశాననిపించుకుని నిలబడ్డాను. పక్కనే ఉన్న ఆ పెద్దావిడ ఆకాశం వంకా, నా వంకా మార్చి మార్చి చూసి, చేపలు తిప్పుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఆడవాళ్ళ ముందు మా ఆవిడ అంత హాయిగా కనపడటం నాకెందుకో ముల్లులా గుచ్చుకుంది.

"ఇక్కడా ఎండబెట్టే పనేనా? దీనికి ఇంత దూరం రావాలా?" అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని వస్తానని నీళ్ళవైపు వెళ్ళింది. ఇంకా రెండు రోజులుండాల్సింది, కోత కూలీలు దొరికారని చెప్పి మర్నాడే ఇంటికి తీసుకొచ్చేశాను.

అబద్ధం ఒక్కరోజుకు మించి నిలబడలేదు. ఇంటికి చేరగానే మా మరదలు కాళ్ళకి నీళ్ళిస్తూ, "మాకిక్కడ చినుకైనా పడలేదక్కా, బావగారు ఊరికే కంగారుపడి వచ్చారు," అని మామూలుగా అనేసింది. మా ఆవిడ నా వంక ఒక్కసారి చూసింది. నేను చెప్పుల వంక చూసుకున్నాను. ఆవిడ సంచి లోపల పెట్టి, మొహానికి గుడ్డ కట్టుకుని, తాలు ఏరే వాళ్ళ వరసలో వెళ్ళి కూర్చుంది. వారం తిరిగేసరికి దగ్గు మళ్ళీ వచ్చింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆ సంగతి మా మధ్య రాలేదు. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అని ఎదురుచూశాను, ఏమీ లేదు. వంట చేసింది, పిల్లల్ని పెంచింది, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది. అయితే ఎక్కడికైనా వెళదామా అని నేనడిగినప్పుడల్లా, "కల్లంలో కాయ ఉంది కదండీ," అనేది. చేలో మిరప లేని జూన్ నెలలో కూడా అదే మాట. అప్పుడు నవ్వేది. అది హాస్యమో, దెప్పిపొడుపో నేను తేల్చుకోలేకపోయేవాణ్ణి, అడగడానికి మొహం చెల్లేది కాదు. తను మాత్రం మా మరదలితో తిరుపతి వెళ్ళింది, పుట్టింటివాళ్ళతో శ్రీశైలం వెళ్ళింది.

ఒక ఏడాది మార్చిలో నిజంగానే వాన పడింది. ఈసారి ఏ మబ్బూ ముందుగా చెప్పలేదు, ఎవరూ ఎక్కడికీ పరిగెత్తే వ్యవధి లేదు, పట్టాల కిందికి నీళ్ళు చేరి సగం కాయ తాలైపోయింది. వారం రోజులు ఇంటిల్లిపాదీ ఏరాం. ఒక మధ్యాహ్నం మిగతావాళ్ళు అన్నాలకి వెళ్ళారు, కుప్పకి చెరోవైపు మేమిద్దరమే మిగిలాం. అంత నష్టంలో ఇంకో నష్టం ఏముంటుందిలే అనిపించిందో ఏమో, తల వంచుకునే అన్నాను.

"అప్పుడు బాపట్ల నుంచి వచ్చినప్పుడు వాన పడలేదు."

"తెలుసు," అంది. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"మీరు అడిగారా?"

"నేనేం అడగాలి?"

అప్పుడు చెయ్యి ఆపి తలెత్తింది. మొహానికి కట్టుకున్న గుడ్డ మీంచి కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"వాన సంగతి పోనివ్వండి. పంట కోసం వెళ్ళారు, ఏదో చెప్పారు. రెండు రోజులు ఒక్కదాన్నే ఉన్నాను కదా ఆ ఊళ్ళో. ఎలా ఉన్నావు, ఏం చేశావు, ఏం తిన్నావు అని ఒక్కమాట అడిగారా? ఆ రోజు కాకపోతే మర్నాడు? మర్నాడు కాకపోతే ఆ నెలలో?"

అబద్ధానికి శిక్ష పడుతుందని ఎనిమిదేళ్ళు భయపడుతూ కూర్చున్నవాణ్ణి. అసలు తప్పు అది కాదని, దాని పక్కనే ఇంకోటి ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేశావు?" అన్నాను.

ఆవిడ నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది, అది నాకు తెలుస్తూనే ఉంది.

"ఇప్పుడేం గుర్తుంటాయండీ. అప్పుడు అడిగుంటే వారం రోజులు చెప్పేదాన్ని," అని మళ్ళీ కుప్ప మీదికి వంగింది.

ఇప్పుడు కాలం మారింది. వాన ఎప్పుడు పడుతుందో ఫోనే చెబుతుంది, కాయ ఎండీ ఎండగానే కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోతుంది, మబ్బు చూసి పరిగెత్తే రైతు మా ఊళ్ళో కనపడటం లేదు. మా తమ్ముడి కొడుకూ, కోడలూ ఏ శనివారమో ఏదో ఒక ఊరు వెళ్ళి గంటకో ఫోటో పంపుతుంటారు, ఏం తిన్నారో, ఎక్కడ నిలబడ్డారో అన్నీ వాళ్ళు తిరిగొచ్చేలోపే మాకు తెలిసిపోతాయి, కాబట్టి ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. నాకు మాత్రం అడగడం ఆలస్యంగా అలవాటైంది. మా ఆవిడ గుడికి వెళ్ళొచ్చినా, పెళ్ళికి వెళ్ళొచ్చినా, సంచి ఇంకా కింద పెట్టకముందే ఎదురెళ్ళి, ఎవరు కలిశారు, ఏం మాట్లాడుకున్నారు, ఎలా ఉంది అని అడుగుతాను. "ఏముందండీ, మామూలే," అంటుంది, చెప్పులు విప్పుకుంటూ. ఆ మామూలంటే ఏమిటో తెలియక, సంచి అందుకుని లోపల పెడుతుంటాను.